ఫ్రెడ్డీ మెర్క్యురీ పియానోను వేలం వేయడం సబబేనా?

సికింద్రాబాదు శ్రోత (చర్చ ప్రారంభించినవారు)

ఇంగ్లండుకు చెందిన క్వీన్ రాక్ సంగీత బృందపు ఫ్రెడ్డీ మెర్క్యురీని గాయకుడిగానే ఎక్కువ మంది ఎరుగుదురు గాని, ఆ బృందం తొలి దశాబ్దపు రికార్డుల్లో వినిపించే పియానో చాలావరకు ఆయన వాయించినదే. జాంజిబారులో పుట్టిన ఈ పార్సీ కుర్రవాడు పియానో నేర్చుకున్నది మన దేశంలోనే, పంచగని హాస్టలు బడిలో చదువుకునే రోజుల్లో. 1991 నవంబరు 24న లండన్‌లో మరణించేనాటికి, కెన్సింగ్టన్‌లోని గార్డెన్ లాడ్జ్ అనే తన ఇంటిని, అందులోని సామగ్రిని ఆప్తురాలు మేరీ ఆస్టిన్‌కు రాసిపెట్టి వెళ్ళారు. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంటిని దాదాపు ఉన్నది ఉన్నట్టుగా కాపాడి, తన వ్యవహారాలు చక్కబెట్టుకోవలసిన వయసు వచ్చిందని చెప్పి, 2023 సెప్టెంబరులో సదబీస్ వేలం సంస్థ చేత ఇంచుమించు అన్నింటినీ అమ్మించారు.

అమ్ముడుపోయిన వాటిలో 1973లో తయారైన నల్లని యమహా జీ2 బేబీ గ్రాండ్ పియానో ఒకటి. మెర్క్యురీ దాన్ని 1975లో కొన్నారు. క్వీన్ ప్రసిద్ధ పాట 'బొహీమియన్ రాప్సొడీ' రూపు దిద్దుకున్నది దాని మీదే. ఆయన దాని దగ్గర కూర్చుని సిగరెట్టు తాగేవారు కాదని, దాని మీద గ్లాసు పెట్టేవారు కాదని, ఇతరులను పెట్టనిచ్చేవారు కూడా కాదని ఆస్టిన్ చెప్పారు. అంతటి పియానో ఆ వేలంలో పేరు చెప్పని ఒక కొనుగోలుదారు చేతికి వెళ్ళింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇది సబబు కాదు. కుర్చీలు, కోట్లు, పింగాణీ అమ్ముకోవచ్చు. ఒక మనిషి తన సంగీతాన్ని వెతుక్కున్న వాద్యాన్ని మాత్రం వేలంలో ఎవరు ఎక్కువ పాడితే వారికి ఇచ్చేయడం నాకు మింగుడు పడలేదు. క్వీన్ గిటారు వాద్యకారుడు బ్రయన్ మే కూడా ఆ వేలాన్ని తాను చూడలేనని, దగ్గరివారికి అది భరించలేనంత బాధ అని బహిరంగంగానే రాశారు. మీరేమంటారు?

బాండ్ స్ట్రీట్ బాటసారి

శ్రోత గారూ, మీ బాధను కాదనను గాని, మీ వాదంలో ఒక ముక్క తప్పిపోయింది. వేలానికి ముందు నెల రోజుల పాటు, ఆగస్టు 4 నుంచి సెప్టెంబరు 5 వరకు, ఆ వస్తువులన్నింటినీ లండన్ న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఉచితంగా ప్రదర్శించారు. లక్షా నలభై వేల మందికి పైగా వచ్చి చూశారు. వారిలో నేనూ ఒకణ్ణి. ద్వారం పైన మెర్క్యురీ మీసాన్ని తలపించే పెద్ద నల్లటి మీసం ఒకటి అమర్చారు. దాని కింద బారులు తీరిన జనంలో నా ముందు నిలబడిన పెద్దావిడ, 1986లో వెంబ్లీ స్టేడియంలో తాను ఆయన్ను దూరం నుంచి అగ్గిపుల్లంత మనిషిగా చూశానని, ఈ రోజు ఆయన కూర్చున్న చోటుకు మూరెడు దూరం వరకు వెళ్ళబోతున్నానని చెప్పింది.

ఆ పియానో అంతకుముందు ముప్పై ఏళ్ళు ఎక్కడుంది? ఎత్తైన గోడ వెనుక, తాళం వేసిన ఇంట్లో. అభిమానులు ఆ గోడ మీద రాతలు రాసుకుని వెనక్కి వెళ్ళేవారు. వేలం జరగకపోయి ఉంటే ఆ పెద్దావిడ దాన్ని చూసేదే కాదు. అమ్మకం వల్ల అది మాయమైందని మీరంటున్నారు, అమ్మకం వల్లే అది ఒక నెల వెలుగులోకి వచ్చిందని నేనంటున్నాను.

లెక్కల మాస్టారు

భావావేశం ఇరువైపులా సరే, ఒకసారి అంకెలు చూద్దాం. నాకు ఆ వేలంలో ఆసక్తి కలిగించినది పియానో కాదు, పియానో పక్కన మిగిలినవాటి ధరలు.

పియానో వేలం పాట 14 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది. కొన్నవారు చెల్లించేది అంతే కాదు. అప్పటి సదబీస్ నిబంధన ప్రకారం మొదటి 8 లక్షల పౌండ్ల మీద 26 శాతం, ఆ పైన మిగిలిన దాని మీద 20 శాతం, ఇవి చాలవన్నట్టు మొత్తం పాట మీద మరొక శాతం కొన్నవారే రుసుముగా కట్టాలి. అంటే 2,08,000, ఆ తరువాత 1,20,000, ఆ పైన 14,000. అన్నీ కలిపితే 17,42,000 పౌండ్లు. పత్రికల్లో వచ్చిన అంకె అదే. ఇందులో 3,42,000 పౌండ్లు వేలం సంస్థ కొనుగోలుదారు దగ్గర తీసుకున్న రుసుము మాత్రమే అన్నది చాలామంది గమనించలేదు. (మన భాషలో వేలంలో పలికేదీ పాటే, గాయకుడు పాడేదీ పాటే. ఈ పోలికను మెర్క్యురీ వినివుంటే నవ్వేవారేమో.)

ఇక అసలు సంగతి. ఆ పియానోకు వేలం సంస్థ ముందుగా వేసిన అంచనా 20 లక్షల నుంచి 30 లక్షల పౌండ్లు. అంటే అది అంచనాను అందుకోలేదు. అదే వేలంలో, 'బొహీమియన్ రాప్సొడీ' పాట చిత్రీకరణలో ఆయన ధరించిన పాము ఆకారపు వెండి కడియానికి అంచనా ఏడు వేల నుంచి తొమ్మిది వేల పౌండ్లయితే, అది 6,98,500 పౌండ్లకు పోయింది. అభిమానుల రాతలతో నిండిన తోట తలుపు 4,12,750 పౌండ్లకు పోయింది. వస్తువులన్నింటి మీద వచ్చినది దాదాపు 4 కోట్ల పౌండ్లు. అందులో కొంత భాగం ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టుకు, ఎల్టన్ జాన్ ఎయిడ్స్ ఫౌండేషన్‌కు వెళ్ళింది.

కడియం అంచనాకు డెబ్బై, ఎనభై రెట్లు పలికినచోట, ఆయన చేతుల కింద ఏళ్ళ తరబడి మోగిన వాద్యం అంచనా కంటే తక్కువకు పోవడం నాకు చాలా చెప్పింది. అక్కడ కొన్నవారు వాద్యాన్ని కొనలేదు, పేరును కొన్నారు. కడియాన్ని అల్మరాలో పెట్టుకోవచ్చు. అయిదడుగుల ఏడంగుళాల పియానోను పెట్టుకోవాలంటే హాలు కావాలి, ఏటేటా శ్రుతి చేయించాలి. పేరు మాత్రమే కావలసినవారికి అది బరువు.

తిత్తి, మెట్లు (హార్మోనియం మరమ్మతు, విజయవాడ)

మాస్టారు గారు చివర్లో చెప్పినదే నా వృత్తి గనుక కొంచెం విస్తరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

నా దగ్గరికి వచ్చే హార్మోనియాల్లో సగం వాయించి వాయించి పాడైనవి కావు, వాయించక పాడైనవి. తాతగారి పెట్టె అని పూజగదిలో పెట్టి పసుపు కుంకుమలు అద్దుతారు. పదేళ్ళ తరువాత మూత తీస్తే తిత్తి తోలు పెళుసెక్కి, మెట్ల కింద ఉన్ని చిమ్మెటలు తినేసి, ఇత్తడి రీడ్ల మీద చిలుము పట్టి ఉంటుంది. రోజూ ఇద్దరు పిల్లలు అల్లరిగా వాయించిన పెట్టె మాత్రం మెట్లు అరిగినా నిక్షేపంగా పలుకుతుంది. పియానో కూడా అంతే. దాని తీగలన్నీ కలిసి ఇనుప చట్రం మీద దాదాపు ఇరవై టన్నుల లాగుడు మోపుతాయి. గది తేమ మారిన కొద్దీ చెక్క ఉబ్బి, కుంచించుకుని శ్రుతి జారుతుంది. చాలాకాలం శ్రుతి చేయకుండా వదిలేస్తే ఒక్కసారిగా పైకి లాగడం కూడా ప్రమాదమే, పాత తీగలు తెగుతాయి.

రాక్ సంగీతపు కీబోర్డుల సంగతి మరీ సున్నితం. 1960లు, 1970ల్లో ఆ బృందాలు వాడిన హేమండ్ ఆర్గను అనే విద్యుత్తు వాద్యంలో ధ్వని పుట్టేది లోపల తిరిగే 91 లోహపు చక్రాల నుంచి. దాన్ని నడపాలంటే రెండు మీటలుంటాయి. మొదటిదాన్ని కొన్ని సెకన్లు పట్టుకుంటే ఒక మోటారు చక్రాలను వేగానికి తెస్తుంది, ఆ తరువాత రెండోది వేస్తే అసలు మోటారు అందుకుంటుంది. లోపలి చిన్న గిన్నెల్లో ఏడాదికొకసారి నూనె పోయాలి. ఆ గిన్నెల నుంచి సన్నని నూలు దారాలు ప్రతి బేరింగుకూ నూనెను మోసుకుపోతాయి, దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పీల్చినట్టే. కొన్నేళ్ళు తిప్పకుండా ఉంచితే నూనె జిగటగా గడ్డకట్టి మోటారు పట్టేస్తుంది. మెలోట్రాన్ అనే మరో వాద్యంలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఎనిమిది సెకన్లు పలికి వెనక్కి చుట్టుకుంటుంది. ఆ టేపు మీది పూత రాలిపోయిందంటే అందులో ఉన్న గొంతు పోయినట్టే. విద్యుత్తుతోనే శబ్దాన్ని పుట్టించే తొలినాటి మూగ్ సింథసైజర్లయితే గది వేడెక్కితే చాలు, శ్రుతి తప్పుతాయి.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇది. శ్రోత గారు వేలం వద్దంటున్నారు, బాటసారి గారు వేలమే మేలంటున్నారు. వేలం వేశారా, మ్యూజియానికి ఇచ్చారా అన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, తరువాత దాన్ని ఎవరైనా వాయిస్తున్నారా అన్నది. అద్దాల బీరువాలో పెట్టిన మ్యూజియమూ, గోదాములో పెట్టిన కోటీశ్వరుడూ వాద్యానికి చేసే కీడు ఒక్కటే.

డాలస్ తెలుగువాడు

మరమ్మతు గారి ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబుంది. బీటిల్స్ బృందపు జాన్ లెనన్ 'ఇమాజిన్' పాట కట్టిన స్టైన్‌వే నిలువు పియానో 2000 అక్టోబరులో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు, గాయకుడు జార్జ్ మైకేల్ దాన్ని పద్నాలుగున్నర లక్షల పౌండ్లకు పాడుకున్నారు. అది దేశం దాటిపోకూడదన్నది ఆయన పట్టుదల. కొన్న తరువాత దాన్ని ఇంట్లో దాచుకోలేదు. లివర్‌పూల్‌లోని బీటిల్స్ మ్యూజియంలో జనం చూడటానికి పెట్టించారు. ఆ తరువాత కొన్నేళ్ళకు అమెరికాలో హత్యలు, హింస జరిగిన చోట్లకు శాంతి చిహ్నంగా తిప్పారు. ఆయన 2016లో మరణించాక కూడా అది లివర్‌పూల్‌లోని స్ట్రాబెరీ ఫీల్డ్ అనే సందర్శక స్థలంలో ప్రదర్శనకు వచ్చింది.

ఆ పియానో చెక్క మీద లెనన్ సిగరెట్లు కాల్చిన మచ్చలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మెర్క్యురీ తన పియానో దగ్గర సిగరెట్టు వెలిగించనివ్వలేదట, లెనన్ తన పియానో మీదే మచ్చలు పడనిచ్చాడు! ఆ మచ్చలను ఎవరూ పాలిష్ పెట్టి చెరపకపోవడమే నాకు గొప్పగా తోచింది. వేలంలో కొన్నవాడు సంగీతకారుడైతే ఫలితం ఇలా ఉంటుంది. కనుక వేలాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు.

సికింద్రాబాదు శ్రోత

డాలస్ గారూ, మంచి ఉదాహరణే ఇచ్చారు, కాని మీరు నా వాదాన్నే బలపరిచారు. అక్కడ మేలు చేసినది వేలం కాదు, జార్జ్ మైకేల్ మంచితనం. మంచితనం మీద ఆధారపడిన ఏర్పాటు ఆ మనిషి ఉన్నంత కాలమే నిలుస్తుంది.

దీనికి గిటారు వైపు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందపు వాద్యకారుడు డేవిడ్ గిల్మర్ బతికుండగానే, 2019 జూన్‌లో, తన 120కి పైగా గిటార్లను క్రిస్టీస్ అనే మరో వేలం సంస్థ ద్వారా న్యూయార్కులో అమ్మి, వచ్చిన దాదాపు 2 కోట్ల 15 లక్షల డాలర్లను పర్యావరణ న్యాయపోరాటాలు చేసే క్లయంట్ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు. అందులో బ్లాక్ స్ట్రాట్ అని పేరుపడిన నల్ల గిటారును 39,75,000 డాలర్లకు కొన్నది అమెరికా ఫుట్‌బాల్ జట్టు యజమాని జిమ్ ఇర్సే. ఆయన కూడా జార్జ్ మైకేల్ వంటి దాతే. తన సేకరణను ఊరూరా తిప్పి ఉచితంగా చూపించారు, కచేరీల్లో వాయింపజేశారు. ఆయన 2025 మేలో పోయారు. అదే క్రిస్టీస్ ద్వారా ఆ సేకరణను మళ్ళీ వేలానికి పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఈసారి కొన్నవారు ఎలాంటివారవుతారో ఎవరు చెప్పగలరు? నేను అడిగేదల్లా, ఇలాంటి వాద్యాలను అమ్మేటప్పుడు ఏటా కొన్ని రోజులైనా వాయించే వీలు కల్పించాలని ఒప్పందంలోనే షరతు రాయించమని.

లెక్కల మాస్టారు

షరతు రాస్తే ధర పడిపోతుంది, శ్రోత గారూ. ధర పడిపోతే ఎయిడ్స్ బాధితులకో, పర్యావరణానికో చేరేది తగ్గుతుంది. ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి.

తిత్తి, మెట్లు

ధర పడిపోతే పడిపోనివ్వండి మాస్టారూ. మీరే చెప్పారు, ఎక్కువ ధర పెట్టినది పేరుకని. పేరు కావలసినవారికి కడియం అమ్మండి, తలుపు అమ్మండి. వాద్యాన్ని తక్కువ ధరకైనా వాయించేవారికి ఇవ్వండి.

అసలు ఈ వాద్యాలు వేలం లేకుండానే చేతులు మారడం ఆ వృత్తిలో కొత్త కాదు. డీప్ పర్పుల్ బృందపు కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్‌ది హేమండ్ సీ3 ఆర్గను. గిటారు వాద్యకారులు వాడే మార్షల్ యాంప్లిఫయర్ల గుండా దాన్ని వినిపించి ఆ గరుకు ధ్వనిని పుట్టించినవాడు ఆయన. 1973లో ఆయన పాత సీ3 మొరాయిస్తే మరొకటి కొన్నారు. ఎవరి దగ్గర? ఫ్లీట్‌వుడ్ మాక్ కీబోర్డు వాద్యకారిణి క్రిస్టీన్ మెక్‌వీ దగ్గర. లార్డ్ 2012లో, మెక్‌వీ 2022లో పోయారు. ఒకరి వేళ్ళకు అలవాటుపడిన ఆర్గను మరొకరి చేతికి వెళ్ళి, ఇంకో బృందంలో ఇంకో గొంతుతో పలికింది. ఆ రోజు దానికి అంచనా వేసినవారు లేరు, కేటలాగు అచ్చు వేసినవారు లేరు. నా దృష్టిలో ఒక వాద్యానికి జరగగలిగిన మేలు అదే.

మ్యూజియం పక్షం వారికి కూడా ఒక చిక్కుంది. ఆగిపోయిన ఆర్గనును పలికించాలంటే ఎండిపోయిన కెపాసిటర్లు (విద్యుత్తును నిలవ ఉంచే చిన్న భాగాలు) మార్చాలి. మారిస్తే అది ఆయన వాడిన పరికరమే కాదని చరిత్రకారులు అంటారు. మార్చకపోతే అది కట్టెల పెట్టె. నేనైతే మార్చి, తీసిన పాత భాగాలను ఒక సంచిలో వేసి, ఏది ఏ రోజు తీశానో చీటీ రాసి అదే పెట్టెలో పెడతాను.

విశాఖ ఆర్కెస్ట్రా వారి అమ్మాయి

ఈ చర్చ అంతా చదివి, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీరు కోట్ల పౌండ్ల సంగతి మాట్లాడుకుంటున్నారు. మా చిన్నాన్న విశాఖపట్నంలో పెళ్ళిళ్ళకు, గణపతి నవరాత్రులకు వాయించే ఆర్కెస్ట్రాలో పాతికేళ్ళు కీబోర్డు వాయించారు. నిరుడు కార్తీకంలో పోయారు. ఆయన వాయించిన రోలాండ్ జూనో-106 సింథసైజరు దాని పెట్టెలో అలాగే ఉంది. పిన్నికి డబ్బు అవసరం. పాత వాద్యాలు కొనే దుకాణదారు ఒకాయన వచ్చి, పది నిమిషాలు చూసి, సగం మెట్లు పలకడం లేదని చెప్పి, ఇనుప సామాను ధర చెప్పి వెళ్ళాడు. తరువాత ఇంటర్నెట్‌లో వెతికితే విదేశాల్లో వాటికి ఎంత గిరాకీ ఉందో తెలిసి మతిపోయింది.

వారసులు డబ్బు కోసం అమ్ముకుంటున్నారని పైన ఎవరూ నేరుగా అనలేదు గాని, ఆ మాట ప్రతి పేరాలోనూ వినిపించింది. మేరీ ఆస్టిన్ ముప్పై ఏళ్ళు మోసింది. మా పిన్నికి ఏడాదికే బరువైంది. దానికి ఆమె సిగ్గుపడాలా?

సికింద్రాబాదు శ్రోత

సిగ్గుపడనక్కరలేదమ్మా. నా మాటల్లో అలాంటి ధ్వని ఉంటే అది నా తప్పు, మన్నించండి. నేను తప్పుపట్టవలసింది అమ్మేవారిని కాదని ఒప్పుకుంటున్నాను. షరతు గురించిన మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తిత్తి, మెట్లు

అమ్మా, దయచేసి ఆ దుకాణదారుకు ఇప్పుడే ఇచ్చేయకండి. ఆయన చెప్పినది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు, కాని రోగం ఆయన చెప్పినంత పెద్దది కాదు. జూనో-106కు ఒకేసారి ఆరు స్వరాలు పలికించే ఆరు చిప్పులుంటాయి. వాటి మీద పోసిన నల్లటి రెసిను అనే జిగురు పూత పాతబడేసరికి ఒక్కొక్కటే మూగబోవడం ఆ మోడలుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. వాటికి బదులు కొత్తవి తయారుచేసి అమ్మేవారున్నారు. మెట్లు బాగానే ఉంటాయి. ఏదైనా ఒకే మెట్టును తీరిగ్గా పన్నెండు సార్లు వరసగా నొక్కి చూడండి. ఆరింటికొకసారి మౌనం వస్తే పోయినది ఒక్క చిప్పే, ఆరింట రెండుసార్లు వస్తే రెండు.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ వాద్యంలో 128 శబ్దాలు దాచుకునే జ్ఞాపకం ఉంటుంది. మీ చిన్నాన్నగారు ఏళ్ళ తరబడి ఆ మీటలు జరిపి జరిపి, ఏ పాటకు ఏ వేణువు, ఏ పాటకు ఏ వయొలిన్ల గుంపు అని తన చెవికి నచ్చినట్టు కూర్చుకున్నవి అందులోనే ఉంటాయి. అవి నిలిచి ఉన్నది లోపలి బోర్డు మీదున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ వల్ల. అది అయిపోతే అవి పోతాయి. ఎవరైనా తెలియక ముందే దాన్ని పీకేసినా పోతాయి. వెనుక వైపు టేపు రికార్డరుకు వైరు తగిలించే రంధ్రాలుంటాయి. అక్కడి నుంచి ఆ శబ్దాలన్నింటినీ గీమని మోగే ధ్వనిగా సెల్‌ఫోనులోకో, కంప్యూటరులోకో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. ముందు ఆ పని చేయండి, తరువాతే ఎవరి చేతనైనా పెట్టె విప్పించండి. పన్నెండు నొక్కుల్లో ఎన్నోవి పలకలేదో ఇక్కడే రాయండి, చూస్తాను.